తయారు చేసినవారు

"పడుకోబెడదాం, నెమ్మదిగా" అంది మ్యూజియం అమ్మాయి, నీలం రంగు చేతితొడుగులు వేళ్ళకు లాక్కుంటూ. ఆస్పత్రిలో మంచాల మధ్య వినిపించే గొంతే అది. మ్యూజియం వెనకవైపు, చూడవచ్చినవాళ్ళు అడుగుపెట్టని గదిలో, తెల్లకాగితం పరిచిన పొడుగు బల్ల మీద ముదురాకుపచ్చ గౌను వెల్లకిలా పడుకుంది. కిటికీలకు మందపాటి తెరలు దించేశారు, ఎండ తగిలితే బట్ట రంగు చచ్చిపోతుందట. ఆవిడకు ఒక కుర్చీ వేశారు, బల్లకు నాలుగడుగుల దూరంలో, చుట్టపుచూపుగా వచ్చిన మనిషికి వేసినట్టు. ముప్ఫైమూడేళ్ళ కిందట ఈ గౌను వేసుకుని దేశాధ్యక్షుడి పక్కన మెట్లు దిగిన మనిషి, ఇప్పుడు చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని దానికి నాలుగడుగుల ఎడంగా కూర్చోవాలి. సరే, కూర్చుంది. పక్క కుర్చీలో కార్యదర్శి. పెద్దాయన అధ్యక్ష పదవి దిగి ఇరవై ఏళ్ళు దాటినా ఈయన మాత్రం తన పదవి దిగలేదు, రోజూ పదింటికల్లా ఇంటికొచ్చి ముందు గదిలో కూర్చుంటాడు. ఫైలు లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి. ఆ ఫైలునే ఇప్పుడు పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకుని, గోడ గడియారం కేసి, ఆవిడ కేసి మార్చి మార్చి చూస్తున్నాడు. నాలుగింటికి ఫొటోలు తీసే ఆయన వస్తాడు. ఆలోగా పరిశీలన అయిపోవాలి, దానపత్రం మీద సంతకం అయిపోవాలి. ఇప్పుడు మూడు.

ఫైల్లో ఉన్నది మూడే మూడు వరుసలు, కారులో వస్తూ చదివి వినిపించాడు. గౌను పక్కన అద్దంలో పెట్టే కార్డు మీద ఇవే ఉంటాయట. దాత, మాజీ అధ్యక్షులవారి కార్యాలయం. తయారు చేసినవారు, టైలరు మాస్టారి పేరు, మాస్టారి దుకాణం పేరు. ధరించినవారు, అధ్యక్షులవారి సతీమణి. "బాగుందా అమ్మగారూ?" అని అడిగితే కిటికీలోంచి బయటికి చూస్తూ ‘ఊఁ’ అంది. ఊఁ అనడం ఆవిడకు చెయ్యి తిరిగిన విద్య. పెళ్ళయిన కొత్తలో ఆయన పార్టీ ఆఫీసులో గుమాస్తాగా ఉన్నప్పుడు మొదలైన ఊఁ, ఊరూరా సభలకు తిరిగినప్పుడు పెరిగి, అధ్యక్ష భవనంలో పూర్తిగా ముదిరింది. విదేశీ రాయబారి భార్య తన కుక్క జబ్బు గురించి ముప్పావు గంట చెప్పినా ఊఁ, పత్రికలవాళ్ళు మీకిష్టమైన రంగేమిటని నూటొక్కసారి అడిగినా ఊఁ. కానీ కారు రెండు మలుపులు తిరిగేసరికి ఆ మూడు వరుసలు లెక్క తేలని కూడికలాగా బుర్రలో మళ్ళీ మళ్ళీ తిరగడం మొదలుపెట్టాయి. మూడింటిలో ఒక్కచోటా తన పేరు లేదు. ఇచ్చేది తను కాదు, కుట్టింది తను కాదు, ఆఖరికి తొడుక్కున్నది కూడా తను కాదు, ఎవరి సతీమణో తొడుక్కుంది. మరి ఆ రాత్రి ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, వీపు మీద ఇరవైరెండు గుండీలు పెట్టించుకున్నదెవరో.

అమ్మాయి గౌను కింది అంచు తిరగేసి భూతద్దం పెట్టి చూస్తోంది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, జుట్టు గట్టిగా ముడేసుకుంది, చూసే పద్ధతి బాగుంది. బట్టను చూసేవాళ్ళు రెండు రకాలు, పైన చూసి ఆహా అనేవాళ్ళు కొందరు, తిరగేసి చూసేవాళ్ళు కొందరు. తిరగేసి చూడటం ఆవిడకు పదహారో ఏట అబ్బింది, మాస్టారి దుకాణం వెనక గదిలో. ముందు గదిలో నిలువుటద్దాలు, మెత్తటి కుర్చీలు, మెడలో టేపు వేసుకుని మాస్టారు. వెనక గదిలో పొడుగాటి బెంచీ, దాని మీద వరసగా పదకొండుమంది ఆడవాళ్ళు, ఒక్కటే కిటికీ. ఆవిడ పుర్రచేతి వాటం కాబట్టి ఎవరి పక్కన కూర్చున్నా మోచేతులు కొట్టుకునేవి, ‘దీన్ని చివర పడెయ్యండి’ అన్నాడు మాస్టారు, పడేశారు. అలా ఎనిమిదేళ్ళు బెంచీ ఎడమ కొసన కూర్చుంది. పేరు పోయి పుర్రచేతి పిల్ల అయింది. పక్కన కాజాల పెద్దమ్మ, గుండీల రంధ్రాలు తప్ప ఇంకేం కుట్టని మనిషి. అంత సన్నగా, అంత దగ్గరగా కాజా కుట్టడం ఆ తర్వాత ఇంకెక్కడా చూడలేదు. ఇందాక ఈ గదిలోకి వస్తూ మ్యూజియం పెద్ద హాల్లోంచి నడిచారు కదా, అద్దాల వెనక నాలుగు గౌన్లు నిలబడి ఉన్నాయి, ఒక గాయనిది, ఒక జమీందారు కోడలిది, ఇంకెవరివో. నాలుగింటి కిందా మాస్టారి పేరే. కార్యదర్శి వేలు పెట్టి చూపించి, "మన గౌను వీటి పక్కనే పెడతారమ్మగారూ" అన్నాడు గొప్పగా. ఆవిడ మాత్రం రెండో గౌను ముందు కాళ్ళు కదలక నిలబడిపోయింది. ఆ కాజాలు పెద్దమ్మవి. మెడ దగ్గర పూసలు అదే బెంచీ మీది పొడుగుచేతుల అక్కవి. మాస్టారు చేసిందేమైనా ఉంటే వచ్చినవాళ్ళకు కుర్చీ చూపించడం, నడుం చుట్టూ టేపు వేయడం. పదకొండుమంది కళ్ళు పోగొట్టుకుంటే ఒక్కడికి పేరొచ్చింది. అప్పుడు అది అన్యాయమని కూడా తోచలేదు. అదంతే అనుకున్నారు అందరూ.

"అమ్మా, ఒక్క సంగతి అడగొచ్చా?" అంది అమ్మాయి తలెత్తకుండానే. "ఈ గౌనుని తర్వాత ఎవరైనా విప్పి మళ్ళీ కుట్టించారా? కింది అంచు హెమ్మింగంతా ఎడమచేత్తో కుట్టినట్టుంది, కుట్లు అటువైపు వాలి ఉన్నాయి. మా దగ్గరున్న మాస్టారి బట్టల్లో ఎక్కడా ఇలా లేదు. నడుము కుట్లు కూడా అంతే. అంటే చాలా భాగం తర్వాత మార్చేసినట్టు. అందుకని రిపోర్టులో, ‘మాస్టారి అసలు పనితనం కొంత పోయింది, తెలియని వ్యక్తి మార్పులు చేశారు’ అని రాయాల్సి వస్తోంది."

ఆవిడ నోరు తెరిచేలోపే కార్యదర్శి అందుకున్నాడు. "అలాగే రాసేసుకోండి. ఇంట్లో ఎవరో పనిమనిషి కుట్టి ఉంటుంది. వదులో బిగుతో అయి ఉంటుంది. ఏముంది అందులో."

ఏముంది అందులో. పేరు పోతే పోయింది, ఊఁ అనుకుని ఊరుకుంది. ఇప్పుడు తన కుట్టు మాస్టారి పనిని పాడుచేసిన కుట్టయింది. తెలియని వ్యక్తి. అసలు పనితనం పోయింది. తన సొంత గౌను మీద తనే చెయ్యిపెట్టి చెడగొట్టినదయింది, అదీ సర్కారు కాగితం మీద, శాశ్వతంగా. ఏడుపు వస్తుందేమోనని ఒక్క క్షణం భయపడింది. ఏడుపు కాదు. చాలా ఏళ్ళుగా రాని కోపం. వచ్చిందే మంచిదనుకుని దాన్ని వచ్చినంత రానిచ్చింది.

ఎన్నికల్లో గెలిచిన వారానికి ప్రచారాల పెద్దమనిషి ఒకాయన ఇంటికొచ్చాడు, ప్రమాణ స్వీకారం రాత్రి విందుకు అమ్మగారి గౌను మాస్టారి దుకాణం నుంచే రావాలన్నాడు, దేశమంతా చూస్తుంది కదా. మాస్టారికి అప్పటికే చేతులు వణుకుతున్నాయి, పెద్దమ్మ కళ్ళు పోయి ఇంటిపట్టున ఉంటోంది, వెనక గదిలో కొత్తవాళ్ళు. వాళ్ళు పంపిన గౌను వేసుకుని అద్దంలో చూసుకుంటే నడవబోయే మనిషికి గోనె తొడిగినట్టుంది. క్రాస్‌గా, అంటే ఐమూలగా, కత్తిరించాల్సిన బట్టను నిలువుగా కత్తిరించేశారు, అది ఇక బాగుపడదు. ఇద్దరు పిల్లల తల్లి, ముప్ఫైఎనిమిదేళ్ళు, పద్నాలుగు రోజుల గడువు. ఆవిడ ఎవరితోనూ చెప్పకుండా బజారుకెళ్ళి ముదురాకుపచ్చ పట్టు తెచ్చుకుంది. భోజనాల బల్ల ఖాళీ చేసి బట్ట పరిచింది. కత్తెర పట్టుకోగానే దుకాణం వదిలిన పద్నాలుగేళ్ళు పద్నాలుగు నిమిషాల్లాగా పోయాయి, చెయ్యి ఏదీ మర్చిపోలేదు. మధ్యాహ్నం పిల్లలు బడికి వెళ్ళాక మొదలుపెట్టి, వాళ్ళు తిరిగి వచ్చేదాకా కుట్టేది. ఆ గదిలోనే ఆయన, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతూ ప్రమాణ స్వీకార ప్రసంగం బట్టీ పట్టేవాడు. కుట్టు మిషను చప్పుడులో వినపడాలని గొంతు పెంచేవాడు. దారం అయిపోయి మిషను ఆగితే ఆయనా ఆగేవాడు, ఆవిడ మళ్ళీ దారం ఎక్కించి తొక్కడం మొదలుపెడితే ఆయనా అందుకునేవాడు. పద్నాలుగు మధ్యాహ్నాలు అలాగే నడిచాయి, ఇద్దరూ ఒకే గదిలో, ఎవరి పనిలో వాళ్ళు, మధ్య మధ్యలో ఒకరి కేసి ఒకరు చూసి నవ్వుకుంటూ. ఆ పద్నాలుగు రోజుల్లో ఉన్నంత సుఖంగా ఆ తర్వాత ఏ భవనంలోనూ లేదు. అది ఒప్పుకోవడానికి ఆవిడకు సిగ్గేమీ లేదు. ప్రమాణ స్వీకారం రోజు వేదిక మీద ఆయన ప్రసంగిస్తుంటే జనం ఊపిరి బిగబట్టి విన్నారు. మర్నాడు పత్రికలన్నీ ఆయన మాటల మధ్య ఆగిన తీరును ఆకాశానికెత్తేశాయి, ఎంత గాంభీర్యం, ఎంత నిగ్రహం అని. ముందు వరసలో కూర్చున్న ఆవిడకు మాత్రం తెలుసు. ఆయన ఆగినచోటల్లా మిషన్లో దారం అయిపోయింది.

గౌను పూర్తయిన రోజు ప్రచారాలాయన చూసి మెచ్చుకున్నాడు, చాలా మెచ్చుకున్నాడు, తర్వాత నీళ్ళు నమిలాడు. అధ్యక్షుడి భార్య తన బట్టలు తానే కుట్టుకుందంటే ఎదుటి పార్టీవాళ్ళు ఊరుకుంటారా, ఎక్కడ నేర్చుకుందని అడుగుతారు, దుకాణం వెనక గదిలో కూలికి కుట్టేదని తవ్వి తీస్తారు. తీస్తే ఏం అంది ఆవిడ. నిజమే కదా అంది. అప్పుడు ఆయన, గోడ నుంచి గోడకు తిరిగే ఆ ఆయనే, తిరగడం ఆపి, ఇప్పుడెందుకే లేనిపోని గొడవ అన్నాడు. మాస్టారి దగ్గర్నుంచి ఒక కవరు వచ్చింది, అందులో తెల్లటి పట్టు గుడ్డ ముక్క, దాని మీద బంగారు దారంతో దుకాణం పేరు. బొటనవేలంత లేబుల్. ‘చిన్న గుడ్డముక్క, కుట్టెయ్’ అన్నాడు ఆయన. అది పుర్రచేతి పిల్ల ముప్ఫైఎనిమిదేళ్ళ చేతిలో పెట్టి, ఎవరైనా కుట్టి పెట్టండి అని కూడా అనకుండా, నువ్వే కుట్టెయ్ అన్నాడు. కుట్టింది. ఆ రాత్రి విందులో మొదటి పావుగంటలోనే ఎవరో అడిగారు, ఈ గౌను ఎవరు చేశారని. మాస్టారి పేరు చెప్పింది. నవ్వు చెక్కుచెదరలేదు. నవ్వడం ఎలాగో అప్పటికే వారం రోజులుగా నేర్పిస్తున్నారు.

ఒక్క మనిషి నమ్మలేదు. నెల తర్వాత ఒక కార్డు వచ్చింది, ఎవరిచేతో రాయించిన కార్డు. పేపర్లో మెట్ల మీద వెనక నుంచి తీసిన ఫొటో వేశారట, కళ్ళు కనపడకపోయినా మనవరాలి పక్కన కూర్చుని, ‘గుండీలు వరసగా ఎలా ఉన్నాయో చెప్పవే’ అని అడిగి అడిగి చెప్పించుకుందట కాజాల పెద్దమ్మ. ‘పుర్రచేతి పిల్లా, పన్నెండో కాజా వంకరపోయింది, తొందరపడ్డావు’ అని ఒకటే వరస. ఆ కార్డు చదివి ఆవిడ భవనం స్నానాల గదిలో తలుపేసుకుని నవ్వింది, అంత నవ్వు ఆ ఆరేళ్ళలో ఇంకెప్పుడూ నవ్వలేదు. దేశంలో ఒక్క ఆడమనిషి, అదీ కళ్ళు లేని మనిషి, పేపరు చూడకుండానే ఎవరి చేతిదో పోల్చుకుంది. కళ్ళున్న లక్షలమందికి లేబుల్ కనిపించింది.

ఇక ఆ పుస్తకం. పదవి దిగాక ఆయన ఆత్మకథ రాశాడు, కార్యదర్శి దగ్గరుండి రాయించాడు. రెండువందల పన్నెండో పేజీలో గౌను ఉంది. మాస్టారి దుకాణంలో పదకొండుమంది పద్నాలుగు రోజులు రాత్రింబవళ్ళు శ్రమించి నా భార్య గౌను సిద్ధం చేశారు, వారి నైపుణ్యానికి నేను ప్రత్యక్ష సాక్షిని, అని. ప్రత్యక్ష సాక్షి. అచ్చయిన కాపీ చేతికిచ్చినప్పుడు చదివి, పుస్తకం మూసి, ‘ఇదేమిటండీ’ అని మాత్రం అడిగింది. ఆయన నిజంగా తెల్లబోయాడు. అబద్ధం ఇరవై ఏళ్ళు చెప్పగా చెప్పగా ఆయనకు అది కళ్ళతో చూసినట్టే గుర్తుంది. దాన్ని చూసి జాలిపడాలో తిట్టాలో తెలియక ఆవిడ ఆ రోజు రెండూ చేయలేదు. ఆ చేయని రెండూ ఇదిగో, ఈ చల్లటి గదిలో, ఇప్పుడు ఎదురుగా వచ్చి కూర్చున్నాయి.

"అవి మార్పులు కావమ్మాయ్" అంది ఆవిడ. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "ఎవరూ విప్పలేదు, మళ్ళీ కుట్టలేదు. మొదట్నుంచీ అదే కుట్టు. కత్తిరించింది నేను, కుట్టింది నేను."

కార్యదర్శి ఫైలు చేతుల్లోంచి జారి కింద పడబోయింది, పట్టుకున్నాడు. "అమ్మగారు అలిసిపోయారు" అన్నాడు అమ్మాయితో, సంజాయిషీగా.

"అలిసిపోలేదు. నడుం పట్టీ లోపల గట్టిగా తగులుతోందా నీకు? అది కాన్వాసు. టైలరు దుకాణాల్లో నడుం నిలబడటానికి వేసే బిగుతుబట్ట అప్పుడు బజార్లో దొరకలేదు. మా అమ్మాయి పాత బడిసంచీ కత్తిరించి పెట్టాను. సంచీ మీద దాని తరగతి, దాని పేరు నల్ల సిరాతో రాసి ఉండేవి. వెలుతురు కింద పెట్టి చూడు, ఎడమవైపు."

అమ్మాయి ఒక పల్చటి దీపపు పలకను నడుము భాగం కిందకు నెమ్మదిగా తోసి, వంగి చూసింది. చాలాసేపు చూసింది. "నాలుగో తరగతి" అంది ఆఖరికి. తలెత్తి ఆవిడ కేసి చూసింది, ఇందాకటి మర్యాద చూపు కాదు. "ఇంత క్రాస్ కటింగుకి కిందకి జారిపోకుండా ఎలా నిలబెట్టారమ్మా? నేను పొద్దున్నుంచీ అదే చూస్తున్నాను." ఎన్నో ఏళ్ళ తర్వాత ఒకరు ఆవిడను పనికొచ్చే ప్రశ్న అడిగారు. "కత్తిరించాక మూడు రోజులు వేలాడదీశాను" అంది. "జారేదంతా ముందే జారిపోవాలి. తర్వాత అంచు సరిచేసుకోవాలి. మాస్టారి దగ్గర అంత ఓపిక ఎవరికీ ఉండేది కాదు, గడువు ఉండేది."

కార్యదర్శి లేచి తలుపు దగ్గరికి వెళ్ళి ఫోను తీశాడు. ఎవరికో చెప్పక్కర్లేదు. ఆవిడా లేచింది, ఆ నాలుగడుగులూ నడిచి బల్ల దగ్గరికి వెళ్ళింది. "ఈ మెడ దగ్గరున్న లేబుల్ తీసేస్తాను. కత్తెర ఉందా?"

అమ్మాయి కాస్త తటపటాయించింది. "సంతకం పెట్టేదాకా ఇది మీదేనమ్మా, మీ ఇష్టం. పెట్టాక మాత్రం ఒక్క దారప్పోగు కూడా నేనూ ముట్టుకోకూడదు, మీరూ ముట్టుకోకూడదు, ఎంత తప్పున్నా సరే. ఎలా వచ్చిందో అలాగే ఉండాలి, అదీ మా పద్ధతి." అని చిన్న కత్తెర తీసి ఇచ్చింది, మొన వంపు తిరిగినది, మంచి కత్తెర. ఆవిడ దాన్ని ఎడమచేత్తో పట్టుకుని లేబుల్ మీదకు వంగింది. బంగారు దారం ఇంకా మెరుస్తోంది, ముప్ఫైమూడేళ్ళయినా సిగ్గు లేకుండా. మొన మొదటి కుట్టు కిందకు దూర్చింది. అలా దూర్చాక కుట్టు కనిపించింది. పోగులు రెండు కూడా దాటని కుట్టు. లేబుల్ నాలుగు వైపులా అలాంటివే, ఒకదాని పక్కన ఒకటి, కొలిచి పెట్టినట్టు, అన్నీ ఎడమకు వాలి. ఆ రోజు మండిపడుతూ కుట్టింది కదా, కళ్ళలో నీళ్ళు తుడుచుకోడానికి మధ్యలో రెండుసార్లు ఆగింది కదా, అయినా ఒక్క కుట్టు తప్పలేదు. అయిష్టంగా చేసిన పనిలో కూడా ఈ చేతికి వంకరగా కుట్టడం రాలేదు. ఆవిడకు తన చెయ్యి మీద ఒక్కసారిగా గర్వం పొంగుకొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. ఇదీ నాదే కదా అనుకుంది. తీసేస్తే ఏమవుతుంది, మాస్టారొక్కడూ పోతాడు. నన్ను కుట్టెయ్యమన్నవాళ్ళూ, నోరెత్తకుండా కుట్టిన నేనూ, నవ్వుతూ ఆ పేరు చెప్పిన నేనూ అందరం శుభ్రంగా తప్పించుకుంటాం. రేపు చూడవచ్చినవాళ్ళకు, అధ్యక్షుడి భార్య గౌను కుట్టుకుందట, అబ్బ ఎంత ముచ్చట, అనిపిస్తుందే తప్ప ఆవిడ చేత ఆ పేరెందుకు కుట్టించారో తెలియదు. వద్దు. అంత ముచ్చటగా పోనివ్వకూడదు. కత్తెర మొన వెనక్కి తీసి, బల్ల అంచున జాగ్రత్తగా పెట్టింది.

"సార్ లైన్లో ఉన్నారు" అన్నాడు కార్యదర్శి, ఫోను రెండు చేతులా పట్టుకుని, అదేదో వేడిగా ఉన్నట్టు.

"ఏమిటే గొడవ?" అన్నాడు ఆయన. డెబ్భైతొమ్మిదేళ్ళొచ్చినా ఫోన్లో గొంతు ఇంకా వేదిక మీద గొంతే.

"గొడవేం లేదండీ. గౌను నేను కుట్టానని రాస్తున్నాను."

"ఇప్పుడెందుకే అదంతా? ఎన్నేళ్ళయింది. ఎవరికి పట్టింది?"

"ఎవరికీ పట్టకపోతే మంచిదే. నా పేరున్నా ఎవరికీ పట్టదు."

"పుస్తకంలో రాశాను కదా నేను. సాక్షినని కూడా రాశాను. నా పరువేం కావాలి?"

"సాక్షే మీరు. మీరొక్కరే సాక్షి. ఆ గదిలో పద్నాలుగు రోజులు తిరిగారు. నా దారం అయిపోయినచోటల్లా ఆగారు, దానికి మీకు పేరొచ్చింది, నేనేమైనా అన్నానా? మళ్ళీ అచ్చు వేయించేటప్పుడు దిద్దుకోండి, రెండొందల పన్నెండో పేజీ."

ఆయన ఆగాడు. ఆవిడ తొందరపడలేదు, ఆయన ఆగినప్పుడు ఎంతసేపు ఆగుతాడో ఆవిడకు తెలుసు. తలుపు దగ్గర ఫొటోలు తీసే ఆయన వచ్చి, లోపలి వాలకం చూసి, అక్కడే నిలబడిపోయాడు.

"కోపంగా ఉందా నీకు?" అన్నాడు ఆయన. ఈసారి వేదిక గొంతు కాదు.

"ఉంది. చాలా ఉంది."

"ఇంటికెప్పుడొస్తావ్ మరి?"

"పనిలో ఉన్నానండీ. అయ్యాక వస్తాను."

ఫోను కార్యదర్శికి ఇచ్చేసింది. కార్యదర్శి ఫైలు తెరిచి ఆ మూడు వరుసల కాగితం తీసి బల్ల మీద పెట్టబోతే, "అది మీ దగ్గరే ఉంచుకోండి" అంది. అమ్మాయి కొత్త కాగితం తెచ్చింది, ఖాళీలున్నది. ఆవిడ కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని, పెన్ను ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంది. దాత దగ్గర తన పేరు రాసింది, పుట్టింటి పేరుతో సహా. ధరించినవారు దగ్గర అదే పేరు మళ్ళీ రాసింది. తయారు చేసినవారు దగ్గరా అదే పేరు, మిగతా రెండింటికంటే పెద్దగా రాసింది. కింద ‘ఇతర వివరాలు’ అని నాలుగు గీతలు ఖాళీగా ఉన్నాయి. అందులో ఇలా రాసి సంతకం పెట్టింది: మెడ దగ్గరున్న లేబుల్ అబద్ధం. తీయవద్దు. అది కూడా నేనే కుట్టాను.